వద్దనువానికిని కూలి



మన నిడమనూరు ప్రాంతమునకు సముద్రము లేదు. మనకున్న సాగరము నాగార్జునసాగరమే. అది పేరునకు సాగరమే గాని నీరు కృష్ణమ్మది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆ ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీరు మన పొలములకు పారిన తరువాత, గట్టున గాలము వేసి కూర్చుండు అలవాటు మన పల్లెలలో అనేకులకు కలిగినది. జెల్ల పడినను సంతోషమే. కొరమీను పడిన యెడల ఆ దినము ఇంట పండుగే. అట్టివారికి ఒక్కసారియైనను ఉప్పునీటిలో గాలము వేసి చూడవలెనను కోరిక కలుగుట సహజము.

ఇప్పుడు రైళ్లును బస్సులును ఉన్నవి. ఇంటనుండియే సెల్‌ఫోనులో పడవవానితో మాటలాడవచ్చును. మా సంఘములోని యౌవనస్థులు కొందరు, "మాష్టారూ, మీరు పోయి వచ్చిండ్రు గద, పడవ ఎట్ల మాట్లాడుకోవాలె?" అని నన్ను అడుగుచున్నారు. వారందరికి కలిపి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. చెప్పవలసినవి చాలా ఉన్నను ముఖ్యమైనది ఒకటే. పడవవాడు మనలను తీసికొనిపోయినందుకు మాత్రమే గాక, తీసికొనిపోనని చెప్పినందుకు కూడ అతనికి కొంత కూలి ముట్టునట్లు ముందుగానే ఒప్పందము చేసికొనవలెను. ఈ మాట వింతగా తోచవచ్చును. ఇది నా సొంత తెలివి కాదు. మా బావగారివలన నేర్చుకొంటిని.

మా పెద్దక్క భర్త సాగరు కాలువమీద లష్కరుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. లష్కరు పని ఏమో మీలో అనేకులు ఎరుగుదురు. తూముల గేట్లు ఎత్తుట, దించుట, ఏ కాలువకు ఎంత నీరు పోవుచున్నదో చూచుట, గట్టు తెగకుండ కాచుట ఆయన పని. నాట్లు వేయు దినములలో రైతులు రాత్రివేళ వచ్చి గేటు ఎత్తుమని బతిమాలినను, కోపించినను, ఆయన తన లెక్క చూచుకొని కాదనెడివాడు. తీరిక దొరికినప్పుడు గాలము తీసికొని గట్టున కూర్చుండెడివాడు. డెబ్బది యేండ్లు దాటిన తరువాత ఆయన కన్నులలో నీటికాసుల వ్యాధి కనబడెను. పోయిన చూపు తిరిగి రాదనియు, చుక్కల మందు మానకుండ వేసికొనిన యెడల మిగిలిన చూపును కాపాడుకొనవచ్చుననియు వైద్యుడు చెప్పెను. ఆ సాయంకాలము ఆయన నాతో, "బామ్మర్దీ, చూపున్నప్పుడే సముద్రంల ఒక్కసారి గాలం వెయ్యాలె" అనెను. తన కొరకు ఏదియైనను కావలెనని ఆయన నోట నేను వినుట అదే మొదటిసారి.

మన వైపునుండి పోవువారు మిర్యాలగూడలో రైలెక్కి గుంటూరు చేరి, అక్కడనుండి తెనాలిమీదుగా బాపట్లకు పోవచ్చును. బాపట్లనుండి సూర్యలంక తీరమునకు ఆటోలు దొరకును. మా దూరపు బంధువొకడు బాపట్లలో ఉపాధ్యాయుడు. అతడు విచారించి, ఆ తీరమున వేటకు పోవు ఒక పడవ యజమాని నంబరు పంపెను. అతడు చిన్ననాటనుండి సముద్రముమీద బ్రదుకువాడు గాని, మరియొకని పడవ చూపించి బాడుగ మాటలాడు దళారి కాడు. మేము మొదట చూచుకొనినది ఇదే. దళారితో మాటలాడిన యెడల, తెల్లవారిన తరువాత అలలు చూచి నిర్ణయించువాడెవడో మనకు తెలియకపోవును.

అతనిని నేనడిగిన సంగతులను మీరును అడుగవలసియున్నది గనుక వరుసగా చెప్పుచున్నాను.

మొదటిది కాలము. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పు తీరమున ఇంజను పడవలకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి పొందుటకై ఆ గడువు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతమున తుపానుల కాలము. జనవరి మొదలు మార్చి వరకు మన తీరమున సముద్రము సాధారణముగా నెమ్మదిగా ఉండును. పడవవాడు మమ్మును జనవరిలో రమ్మనెను. బావ కంటి సంగతి విని, డిసెంబరు మొదటి శనివారము చూతమని ఒప్పుకొని, "సముద్రం ఒప్పుకుంటేనే సుమండీ" అని చేర్చెను.

రెండవది దూరము. 1994 నాటి చట్టము ప్రకారము ఆంధ్రప్రదేశ్ తీరమున ఒడ్డునుండి 8 కిలోమీటర్లలోపు నీరు సంప్రదాయ పడవలవారికే విడువబడినది. పెద్ద మరబోట్లు దానికి ఆవల వేటాడవలెను. మనవంటివారు అంత దూరమైనను పోనక్కరలేదు. ఒడ్డున సరుగుడు తోటలు కంటికి కనబడుచుండగానే గాలపు వేట సాగును.

మూడవది అనుమతి, రక్షణ. చేపల వేటకు రిజిస్టరైన పడవ మనుష్యులను బాడుగకు త్రిప్పుటకును అనుమతి పొందినదని మనము అనుకొనకూడదు. ఈ సంగతి అడుగుటకు మొగమాటపడవలదు. మా పడవవాడు మా నలుగురి పేర్లును ఆధార్ నకళ్లును ముందుగా తెప్పించుకొని, మెరైన్ పోలీసువారికి తెలిపి, వారు సరేననిన తరువాతనే మాటయిచ్చెను. తలకొక లైఫ్ జాకెట్టు ఉన్నదా అనియు అడిగితిమి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమమున అనుమతి లేని పడవ తిరుగబడి ఇరువదిమందికి పైగా ప్రాణములు పోయినవి. అది సముద్రము కాదు, నది. ఒడ్డు కనబడుచునే యుండెను. ఒడ్డు దగ్గరనే ఉన్నదను ధైర్యము జాకెట్టుకు బదులు కాదు.

నాలుగవది సొమ్ము. ఇద్దరు మనుష్యుల కూలియు డీజిలును కలిపి నాలుగు వేల రూపాయలనియు, అందులో వేయి రూపాయలు బయానా అనియు అతడు చెప్పెను. "వాతావరణం బాగాలేదని మీరే వద్దంటే బయానా సంగతేమిటి?" అని నేనడిగితిని. "మొత్తం తిరిగిచ్చేస్తానండి. అందరూ అట్టాగే అడుగుతారు" అని అతడు చెప్పెను. నాకది న్యాయముగానే తోచినది. ప్రక్కన కూర్చుండి వినుచున్న బావ మాత్రము తల అడ్డముగా ఊపి, "గట్లయితే ఆయన వద్దనలేడు" అనెను.

ఎందుకని నేనడుగగా ఆయన తన పని సంగతి చెప్పెను. "నాకు జీతం గేటు ఎత్తినందుకు కాదు, చూసినందుకు. ఎత్తినా ఒకటే, ఎత్తకున్నా ఒకటే. అందుకే రాత్రి పదిమంది మీదికొచ్చినా కాదన్న. ఎత్తితేనే పైసలు అని పెడితే, ఆ కాలువ గట్టు ఎప్పుడో తెగిపోవు. ఈయన పొద్దుగాల లేచి ఒడ్డుకొచ్చి, నీళ్లు చూసి వద్దంటడు. ఆ దినం వేటకు పోకపాయె, మన పైసలు రాకపాయె. ఇంట్ల పిల్లలుంటరు. అప్పుడు కన్ను ఒకటి చెప్తది, కడుపు ఇంకొకటి చెప్తది."

అందుచేత నేను మరల ఫోను చేసి, అతడు వద్దనిన యెడల బయానాలో అయిదువందలు ఆనాటి కూలిగా ఉంచుకొనవలెననియు, మిగిలిన అయిదువందలు మేము మరల వచ్చు దినమునకు చెల్లవలెననియు మాటలాడితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "ఇట్టా ఎవరూ అనలేదండి" అనెను.

2023 నవంబరు 30న మన రాష్ట్రమున శాసనసభకు పోలింగు జరిగెను. ఓటు వేసి, మరునాడు బావయు నేనును సంఘపు యౌవనస్థులు ఇద్దరును బయలుదేరితిమి. రాత్రి బాపట్లలో బంధువు ఇంట పండుకొని, తెల్లవారుజామున తీరము చేరితిమి. పడవవాడు మాకంటె ముందే వచ్చి, ఇసుకలో కూర్చుండి నీటివైపు చూచుచుండెను. మమ్మును చూచి లేచి వచ్చెను.

"ఇయ్యాళ వద్దండి, మేష్టారూ. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని రాత్రి కబురొచ్చింది. వెళ్ళటం పెద్ద పని కాదండి. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర అల ఎట్టా ఇరుగుద్దో నేను చెప్పలేను."

ఇందులోని సంగతి మెట్టప్రాంతపు వారమైన మనకు వెంటనే తెలియదు. లోతునీటిలోనే అపాయమని మనమనుకొందుము. కట్టిన రేవు లేని ఇసుక తీరమున చిన్న పడవకు కష్టమంతయు ఒడ్డు దగ్గరనే, అలలు విరిగిపడు ఆ కొద్దిపాటి నీటిలోనే. పోవునప్పుడు అల ఎదురుగా కనబడును. తిరిగి వచ్చునప్పుడు వెనుకనుండి తరుముకొని వచ్చును. పడవ అడ్డము తిరిగిన యెడల బోర్లపడును. దూరమున ఎక్కడనో గాలి లేపిన అల, ఇక్కడ ఆకాశము ప్రశాంతముగా ఉన్నప్పుడు కూడ ఒడ్డుకు వచ్చి విరుగును.

మేము మాటలాడుచుండగా వేరొక పడవవాడు దగ్గరకు వచ్చి, "గంటలో తిప్పి తీసుకొస్తానండి, చేప పడకపోతే డబ్బులివ్వొద్దు" అనెను. మా యౌవనస్థుల మనస్సు అటు లాగెను. అది వారి తప్పు కాదు. వారు రెండు దినముల కూలి మానుకొని వచ్చినవారు. వారిలో ఒకడు, "తాతా, ఈయన పోతనంటుండు గద. మళ్ల ఇంత దూరం ఎప్పుడొస్తం? అప్పటికి నీ కండ్లు..." అని చెప్పి ఆగిపోయెను.

బావ నెమ్మదిగా, "నా కండ్లు తక్కువైనయి బిడ్డా, ఈయన కండ్లు తక్కువ కాలే. ఈయన చూసిండు, వద్దన్నడు. ఇగ నేనేం చూడాలె?" అనెను. తరువాత పడవవానితో, "ఆ అయిదువందలు నీయి. లేచి వచ్చినవు, చూసినవు, చెప్పినవు" అనెను. సొమ్ము ఉంచుకొనుటకు అతడు సిగ్గుపడెను గాని ఉంచుకొనెను. బావ నీటి అంచుకు పోయి, అల పాదములను తడుపగా వ్రేలితో నీరు తీసి నాలుకమీద ఉంచుకొని, "ఉప్పే" అని నవ్వెను. ఆ దినమే తిరిగి వచ్చితిమి. రైలులో ఎవరును ఎక్కువగా మాటలాడలేదు.

ఆ వాయుగుండమే మిచౌంగ్ తుపానై, డిసెంబరు 5న బాపట్లకు దక్షిణముగా తీరము దాటెను. గాలి గంటకు 90 మొదలు 100 కిలోమీటర్ల వేగముతో వీచెను. కోతకు వచ్చిన వరిపంట నీటిపాలాయెను. అయితే తుపాను వచ్చినది గనుక అతని మాట సరియైనదని నేను చెప్పుట లేదు. ఆ శనివారము రెండవవాని పడవలో పోయినవారు గంటలో క్షేమముగా తిరిగి వచ్చియుండవచ్చును. తుపాను రాకపోయినను మొదటివాని మాట సరియే. తిరిగి తెచ్చెదనని మాట ఇయ్యలేనప్పుడు తీసికొనిపోనని చెప్పుటయే మార్గదర్శి పని.

ఇట్టి సంగతి అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయములో ఉన్నదని మీలో కొందరికి జ్ఞాపకము వచ్చియుండును. పౌలును ఖైదీగా తీసికొనిపోవుచున్న ఓడ క్రేతు దగ్గర మంచిరేవులకు చేరెను. కాలము మించిపోయినది, ముందుకు పోయిన యెడల నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతి నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు వినెను. ఓడలో గోధుమలున్నవి. ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలమైనది కాదు. చివరకు 276 మంది ప్రాణములు దక్కినవి గాని ఓడయు సరకును పోయినవి. ఈ కథ చదువునప్పుడు మనము శతాధిపతిని నిందింతుము. సముద్రము తెలిసినవారి మాట వినుట తప్పేమి? అయితే ఆ తెలిసినవారికి నిలిచిపోవుటలో నష్టమును, సాగిపోవుటలో లాభమును ఉండియుండును గదా అని బావ మాట వినిన తరువాత నాకు తోచినది. తెలివి ఉన్నవానిని వెదకుట సగము పని. అతని తెలివి అతని ఆకలికి లోబడకుండ చూచుట మనవంతు.

మన ప్రభుత్వములును ఇదే చేయుచున్నవి. నిషేధమున్న ఆ 61 దినములలో వేటకు పోని మత్స్యకార కుటుంబములకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భృతి ఇచ్చుచున్నది. 2019లో అది 4,000 రూపాయలనుండి 10,000కు, 2025లో 20,000కు పెరిగినది. పని చేయనందుకు సొమ్మేమి అని అడుగువారున్నారు. చేప పెరుగువరకు ఆగుట కూడ పనియే. వట్టి చేతులతో ఆగుమనిన యెడల ఎవడును ఆగలేడు.

బావకు గాలము వేయు దినము 2024 ఫిబ్రవరిలో వచ్చెను. అమావాస్యకును పున్నమకును పోటుపాటుల లాగుడు ఎక్కువగా ఉండి గాలము నిలువదని, వాటి నడుమనున్న మూడవ శనివారమును పడవవాడే ఏర్పరచెను. ముందటి రాత్రి కొంచెమే తినుమని చెప్పెను. హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన ఇన్‌కాయిస్ అను సంస్థ అలల ఎత్తును, చేపలుండు తావులను మత్స్యకారులకు తెలుపుచున్నది. సముద్రమునకు అంత దూరముననున్న మన పట్టణమునుండి వచ్చిన ఆ కబురును అతడు తన ఫోనులో మాకు చూపించెను. చూపించి, ఫోను జేబులో పెట్టుకొని, మరల కొంతసేపు అలలవైపే చూచి, "పదండి" అనెను.

ఒడ్డుననే జాకెట్లు కట్టించెను. అలలు దాటువరకు ఎవరును నిలువబడక పడవ అడుగున కూర్చుండవలెననెను. తరువాత లంగరు వేసి, సీసపు గుండు కట్టిన గాలమునకు రొయ్య గ్రుచ్చి బావ చేతికిచ్చి, దారము చూపుడు వ్రేలిమీద ఎట్లు ఉంచుకొనవలెనో చూపబోయెను. చూపనక్కరలేకపోయెను. బావ కన్నులు మూసికొనెను. ఆ వేటలో చూచుటకేమియు లేదు, అంతయు వ్రేలికే తెలియవలెను. మొదటి లాగుడుకు ఆయన ఊరకుండెను. రెండవదానికి చెయ్యి ఎత్తెను. వచ్చినది జెల్ల.

"ముట్టుకోకండి పెద్దాయనా, ముల్లు గుచ్చుకుంటే విషం" అని పడవవాడు అరచెను. "కాలువ జెల్లకు గూడ ఉంటది నాయనా" అని బావ చెప్పెను. అక్కడనుండి వారిద్దరును చిన్ననాటి స్నేహితులవలె మాటలాడుకొనిరి. యౌవనస్థులలో ఒకడు వాంతి చేసికొనగా, పడవవాడు అతనిని ఒడ్డుననున్న చెట్లవైపు చూచుచు కూర్చుండుమనెను, కొంతసేపటికి నెమ్మదించెను. ఒక తాబేలు తల నీటిపై కనబడి మునిగెను. ఆ ఋతువులో అవి మన తీరమునకు గ్రుడ్లు పెట్ట వచ్చును. 1972 నాటి చట్టము వాటిని కాపాడుచున్నది, వలలో పడినను విడువవలెను. మొత్తముమీద అయిదు జెల్లలును కొన్ని కానాగంతలును దొరకినవి. చిన్నవాటిని నీటిలోనే విడిచితిమి. ఎండ ఎక్కకముందే పడవవాడు లంగరు తీసెను. ఇంకొక గంట ఉందమని అడిగినవారు లేకపోలేదు. అతడు వద్దనెను, తిరిగి వచ్చితిమి.

ఇప్పుడు బావకు ఒక కంట వెలుతురు మాత్రము తెలియును. నీరు వదలిన దినములలో గట్టునకు తీసికొనిపొమ్మని మనుమని అడుగుచుండును.

పోదలచినవారు సంక్రాంతి దాటిన తరువాత పోవుడి. పడవ యజమానితోనే మాటలాడుడి. అనుమతియు జాకెట్లును ఉన్నవో లేవో అడుగుడి. వెళ్లు సంగతి, తిరిగి వచ్చు వేళ ఒడ్డున ఒకరికి చెప్పియుంచుడి. బయానా ఇచ్చునప్పుడే, వద్దనిన దినమున అతనికి ఎంత ముట్టవలెనో తేల్చుకొనుడి. తీరము చేరిన తరువాత అతడు వద్దనిన యెడల వాదింపవలదు. అతని కూలి అతనికిచ్చి, ఒడ్డున టీ త్రాగి, పిల్లలను అలల అంచున కొంతసేపు ఆడుకొననిచ్చి, రైలు వేళకు ఇంటికి రండి.